పదకొండు రిబ్బన్ల మడి

మా ప్రెషర్ కుక్కర్‌కి ఈ ఏడాది ఇది నాలుగో గ్యాస్కెట్. మొదటిది వదులైపోయిందన్నారు. రెండోది మరీ బిగుతన్నారు. మూడోది అసలు మా కుక్కర్‌దే కాదన్నారు. నాలుగోదాన్ని రాజమండ్రి మెయిన్ రోడ్డు కొట్టాయన తన చేత్తో బిగించి, తన ఇంటి కుక్కర్ మీద ఒట్టేసి మరీ ఇచ్చాడు. అయినా అన్నం తీరు మారలేదు. ఒకే గిన్నె, ఒకే నీళ్ళు, అవే మూడు కూతలు. ఒక మెతుకు ముద్దయిపోయి కూర్చుంటుంది, దాని పక్క మెతుకు పంటి కింద పడి ఎవరదీ అని అడుగుతుంది.

మా ఆవిడ రామతులసి తప్పు కంపెనీదంటుంది. నేను మున్సిపాలిటీ నీళ్ళదంటాను. బియ్యం మీద మాత్రం మా ఇద్దరికీ అనుమానం రాలేదు. రాదు కూడా. అవి అత్తారింటి బియ్యం. దానవాయిపేటలో మా వీధి మొత్తానికి బియ్యం కొనుక్కోకుండా తినే కుటుంబం మాదొక్కటే. బస్తా వచ్చిన రోజున రిక్షా అతన్ని మా గేటు దాకా రానివ్వను. వీధి మొదట్లోనే దింపించి, భుజాన వేసుకుని నడిచి రమ్మంటాను. నలుగురూ చూడకపోతే ఆ అన్నానికి రుచెక్కడిది?

కథ ఎంతవరకూ వచ్చిందో గుర్తులేని వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. పోయినవారం సంచిక మీద ఈపాటికి వడియాలు పెట్టేసి ఉంటారని నాకు తెలుసు.

మా మావయ్య పెదబాబు గారిది రామచంద్రపురం పక్కన ఊరు. పన్నెండెకరాల ఆసామి. ఎనభై ఆరు వరదల్లో చేనంతా మునిగి కుళ్ళిపోతే, కాలవ వైపు మూల ఒకే ఒక్క దుబ్బు బతికిందట. ఆ దుబ్బు గింజలు దాచి, ఏటా అవే చల్లి, మళ్ళీ అవే దాచి, పరాయి గింజ కలవకుండా పద్నాలుగేళ్ళు కాపాడి ఒక వంగడం తయారుచేశారు. చాలా ఆలోచించి దానికి 'పెదబాబు సన్నాలు' అని పేరు పెట్టారు. తొంభై ఆరు తుపానులో చుట్టుపక్కల చేలన్నీ చాపల్లా పడుకుంటే ఆయన చేను సగం నిలబడింది. అప్పట్నుంచీ ఆయన ఎవరింటికెళ్ళినా కూర్చోరు. నిలబడే ఉపన్యాసం ఇస్తారు.

మావయ్యకి కల్తీ అంటే గిట్టదు. మా అమ్మ ఆయన చెల్లెలు. తులసికి ఏలూరు నుంచి ఇంజనీరు సంబంధం వస్తే, "మన రక్తంలోకి పరాయి గింజెందుకు?" అని తిప్పి పంపి, టెలిఫోన్స్‌లో గుమాస్తా అయిన నాకిచ్చి చేశారు. ఆ లెక్కన నేనూ మూల విత్తనాన్నే.

ఈ జూన్‌లో ఆ సన్నాల విత్తనం ఒక సంచి నా స్కూటర్ మీద వరి పరిశోధనా కేంద్రానికి చేరేశాను. అక్కడ డాక్టర్ సూర్యకళ గారు ఒక మడిలో నాటించి చూస్తామన్నారు. బాగుంటే మీ మావయ్యగారి పేరుతోనే బయటికొచ్చే అవకాశం ఉందన్నారు. 'అవకాశం' అన్న మాట మావయ్య చెవిన పడలేదు. గేటు మీద పేరు కింద 'వరి వంగడ సృష్టికర్త' అని రాయించారు. సన్మానానికి శాలువా కూడా పాలకొల్లు వెళ్ళి తనే కొనుక్కొచ్చుకున్నారు. సన్మానాల్లో కప్పేవి మెడ మీద గుచ్చుకుంటాయట.

పోయినవారం చివర్లో డాక్టర్ గారు మా ఆఫీసుకి ఫోన్ చేశారు. "యుగంధర్ గారూ, ఆదివారం పొద్దున్న ఒకసారి మడి దగ్గరికి రండి. మీరొక్కరే రండి. పెదబాబు గారికి ఇప్పుడే చెప్పకండి."

మావయ్యకి నేను చెప్పలేదు. తులసికి చెప్పాను. పెళ్ళయిన మగవాడు రహస్యం దాచడమంటే అదే.

బస్సు దిగి పరిశోధనా కేంద్రం గేటు దగ్గరికి వెళ్ళేసరికి తెల్ల అంబాసిడర్ కారు నిలబడి ఉంది. పక్కన ఇస్త్రీ మడత చెదరని పంచెలో మావయ్య. చంకలో శాలువా పొట్లం. ఆయన వెనకాల ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని పాలేరు వీరాస్వామి. కారులో మా అత్తయ్య సంపూర్ణమ్మ, ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీ.

"ఏమయ్యా అల్లుడూ! నాకు చెప్పొద్దన్నారంటగా?" అన్నారు మావయ్య. మొహం వెలిగిపోతోంది. "తులసి ఫోన్లో చెప్పగానే అర్థమైపోయింది. సర్‌ప్రైజు! సన్మానాలన్నీ అంతేనయ్యా, ముందు చెప్తే మజా ఉండదు. ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాలి, అంతేగా? పెడతాను. పొద్దున్న అద్దంలో చూసుకున్నాను కూడా."

"మావయ్యా, అది కాదేమో..."

"నువ్వూరుకో. ఫోటో తీసేవాడొచ్చాడా?"

డాక్టర్ సూర్యకళ గారు రబ్బరు బూట్లతో, తలకి టోపీతో మడి వైపు నుంచి వచ్చారు. నన్ను చూసి నవ్వారు. నా వెనకాల ఊరేగింపు చూసి ఆ నవ్వుని మధ్యలోనే ఆపేశారు.

"మిమ్మల్నొక్కర్నే రమ్మన్నాను," అన్నారు నెమ్మదిగా.

"నేనొక్కణ్ణే వచ్చానండి. వీళ్ళు విడిగా వచ్చారు."

మడి గట్టు మీంచి చూస్తే ఎంత బాగుందంటే, మావయ్య శాలువా పొట్లం ముడి విప్పబోయారు. అంచు నుంచి అంచుకి ఒకే ఎత్తు. బంగారం రంగు. గాలి వీస్తే ఒకే మనిషి తలాడించినట్టు మొత్తం మడి తలాడించింది. మధ్యమధ్యలో దుబ్బులకి రంగురంగుల రిబ్బన్లు కట్టి ఉన్నాయి. ఆడపిల్లల జడలకి కట్టే రిబ్బన్లే. ఎరుపు, పసుపు, నీలం, ఊదా, గులాబీ.

"ఇంత అలంకరణ ఎందుకమ్మా, మన మనుషులం మనం," అన్నారు మావయ్య మొహమాటంగా. పొద్దున్న అద్దంలో సాధన చేసిన ఆశ్చర్యం మొహం మీదకి తెచ్చుకున్నారు.

"అలంకరణ కాదండి. ఒక్కో రంగు ఒక్కో రకమండి."

"రకమంటే?"

డాక్టర్ గారు నా వైపు చూశారు. నేను కాలవ వైపు చూశాను.

"ఈ మడిలో ఉన్నది ఒక వంగడం కాదండి పెదబాబు గారూ," అన్నారావిడ. "పదకొండు. ఫ్యాన్సీ కొట్టులో పదకొండు రంగులే దొరికాయి."

మావయ్య మొహం మీద ఆశ్చర్యం అలాగే ఉంది. కాకపోతే అది ఇప్పుడు పొద్దుటిది కాదు.

ఆవిడ మడిలోకి దిగి చూపించారు. ఎరుపు రిబ్బను దుబ్బు వెన్నులో గింజ గింజకీ కొసన సన్నటి మీసం. పక్కనే పసుపు రిబ్బనుకి మీసం లేదు. ఊదా రిబ్బను దుబ్బుకి కణుపు దగ్గర నేరేడు పండు రంగు చార. గులాబీ రిబ్బను గింజ పొట్టు ఎర్రగా ఉంది. ఒలిచి అరిచేతిలో వేస్తే లోపల బియ్యం కూడా ఎర్రగానే ఉంది. ఒకదాని ఆకు కత్తిలా నిటారుగా నిలబడితే ఇంకోదాని ఆకు సోమరిగా వాలిపోయింది. ఒకటి పొడుగు గింజ, ఒకటి గుండ్రం.

"వండితే కూడా ఒక్కోటి ఒక్కోలా ఉడుకుతుందండి," అన్నారు డాక్టర్ గారు.

నాలుగు గ్యాస్కెట్లూ నా కళ్ళ ముందు గుండ్రంగా తిరిగాయి.

వీరాస్వామి కుర్చీ వేశాడు. మావయ్య కూర్చోలేదు. తర్వాత మెడ ఒక్కటే తిప్పి నా వైపు చూశారు.

"సంచి ఎవడు తెచ్చాడు?"

ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. అయిదు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో ఆ సంచికి మా స్కూటర్ స్టాండు గుచ్చుకుని చిల్లు పడింది. కొన్ని గింజలు దారిలో పోయాయి. తూకం తగ్గితే మావయ్య పరువు పోతుందని నేను భయపడ్డాను. ఇంట్లో డబ్బాలోంచి నాలుగు గ్లాసులు సర్దాను.

"ఏం సర్దావు?"

"బియ్యం, మావయ్యా."

"బియ్యమా?"

"మీరు పంపిన బియ్యమే మావయ్యా. పరాయివి కాదు."

"బియ్యం మొలుస్తాయిటయ్యా!"

"అది నాకు బీకామ్‌లో చెప్పలేదు మావయ్యా."

డాక్టర్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. దగ్గొచ్చిందనుకుంటాను.

"యుగంధర్ గారి తప్పేం లేదండి," అన్నారు తేరుకుని. "నాకూ ముందు సంచి మీదే అనుమానమొచ్చింది. అందుకే పోయిన నెల మీ చేలోంచి కూడా కంకులు తెప్పించాను. వీరాస్వామే తెచ్చిచ్చాడు. వాటిలోనూ ఇవే పదకొండు."

"నా చేలోనా?" అన్నారు మావయ్య. "నేను రోజూ గట్టు మీద నిలబడి చూస్తున్నానమ్మా!"

"గట్టు మీంచి కనపడదండి. అదే నాకు మతిపోయిన సంగతి. ఎత్తు చూడండి. పదకొండూ రెండు వేళ్ళ తేడాలో ఉన్నాయి. కోతకి అన్నీ ఒకే వారంలో వస్తున్నాయి. గాలివాటుగా కలిసిన విత్తనం ఇలా ఉండదండి. కొన్ని ఎత్తుగా, కొన్ని పొట్టిగా, కొన్ని ముందు పండి రాలిపోతూ నానా కంగాళీగా ఉంటుంది. ఇక్కడ పైకి కనిపించేవన్నీ ఒకటి, లోపలివన్నీ వేరు. ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని ఏరి, కొలిచి, కలిపారు."



"పెదబాబు గారూ, అటు చూడండి." ఆవిడ చుట్టుపక్కల మడులు చూపించారు. ఒక్కోదాంట్లో బండి చక్రమంత గోధుమరంగు మచ్చలు, నిప్పంటించినట్టు. "దోమ పడిందండి ఈసారి. స్వచ్ఛమైన వంగడాలు మడికి మడి మాడిపోయాయి. మీ మడిలో అక్కడో దుబ్బు, ఇక్కడో దుబ్బు పోయాయి. ఒక రకం తట్టుకోలేకపోతే పక్క రకం తట్టుకుంది. తుపానులో మీ చేను సగం నిలబడిందన్నారే, అదీ ఇందుకే. ఇది కల్తీ కాదండి. ఎవరు చేశారో గానీ నేను వాళ్ళకి దణ్ణం పెట్టాలి."

మావయ్యకి ఇందులో 'కల్తీ' అన్న ముక్కే వినపడింది.

"అంటే దొంగ బయటివాడు కాదు," అన్నారు. "నా ఇంట్లోనే. నా గాదెలోనే. పద్నాలుగేళ్ళ నుంచి." కిందకి వంగి గట్టు మీది మట్టి గుప్పిట్లోకి తీసుకున్నారు. "ఈ చేను సాక్షిగా చెప్తున్నా. ఆ గింజ కలిపిన చెయ్యి ఎవరిదైనా సరే, ఆ చేతి మెతుకు ఈ జన్మలో ముట్టను."

మీకు ఇది మామూలు కోపంలా అనిపించవచ్చు. మావయ్య ఒట్ల సంగతి మీకు తెలీదు. ఎనభై మూడులో సొంత తమ్ముడితో మాట్లాడనని ఒట్టేశారు. ఆ తమ్ముడు మంచం పట్టినా మాట్లాడలేదు. చివరికి పాడె మోశారు. అప్పుడూ మాట్లాడలేదు.

వీరాస్వామి గొడుగు కింద పెట్టాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"నేనేనండి బాబుగారు."

"ఏంట్రా?"

"నేనే కలిపేసేనండి. ఆయ్. తెలీక."

ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. మావయ్య అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. ముఖం పక్కకి తిప్పుకున్నారు. "ఇవాళ్టి నుంచి నా గడప తొక్కకు," అన్నారు అంతే.

డాక్టర్ గారికి నమ్మకం కుదరలేదు. "ఎన్ని రకాలు కలిపావయ్యా?" అని అడిగారు.

"మూడండి."

"పదకొండున్నాయి."

"పోనీ నాలుగేసుకోండి," అన్నాడు వీరాస్వామి, బేరం తెగొట్టేవాడిలా. తర్వాత తలపాగా చుట్టుకుని, కుర్చీని మడత పెట్టబోయి, అది మడత కుర్చీ కాదని గుర్తొచ్చి, నీడలో సర్ది పెట్టి, గట్టు వెంబడే రోడ్డెక్కి నడిచిపోయాడు. అక్కణ్ణించి ఊరు పదిహేను కిలోమీటర్లు.

మావయ్య తీర్పులు చకచకా వచ్చాయి. "రేపు పొద్దున్నే గాదెలో విత్తనం మొత్తం మిల్లుకి. చేను కోసింది కోసినట్టు మిల్లుకి. ఒక్క గింజ మిగలకూడదు. దాళ్వా పంటకి సీలేసిన విత్తనం సంచీలు కొంటాను. డాక్టరమ్మా, ఈ మడి కూడా నాదే. కోయించి గింజతో సహా నాకు పంపెయ్యండి, కాయితం రాసిస్తాను. అల్లుడూ, ట్రాక్టరు నువ్వు మాట్లాడు. ఈ పనైనా సరిగ్గా చెయ్యి."

డాక్టర్ గారు బతిమాలారు. ఆయన కారు బానెట్ మీద కాయితం పెట్టి రాసి సంతకం చేసిచ్చేశారు. ఇచ్చినవాడు తిరిగి అడిగితే ఉంచుకునే హక్కు తమకి లేదని ఆవిడ నాతో అన్నారు. "శుక్రవారం మడి కోత. అప్పటిదాకా ఆపగలను. ఆ కలిపిన మనిషి దొరికితే ఏది ఏ ఊరిదో, ఏది దేనికి తట్టుకుంటుందో రాసుకోవచ్చు. లేకపోతే ఇవన్నీ అన్నమైపోతాయండి. ఇందులో కొన్ని ఇంకెక్కడా మిగిలి ఉండకపోవచ్చు."

మావయ్య కారులో కూర్చుని తలుపేసుకున్నారు. డాక్టర్ గారు లోపలికి వెళ్ళిపోయారు. నేను గట్టు మీద కూర్చున్నాను. అత్తయ్య క్యారేజీ విప్పి నాకు రెండు పాకం గారెలు ఆకులో పెట్టి ఇచ్చింది. డాక్టరమ్మ కోసం తెచ్చిన గారెలు. ఇంతసేపట్లో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడే అవకాశం ఆ ఇంట్లో ఎవరికీ అంతగా రాదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

"బాబూ," అంది మడి వైపే చూస్తూ. "డాక్టరమ్మ పొరపడింది."

"అవునత్తయ్యా. వీరాస్వామి ఎందుకు చేస్తాడు?"

"అది కాదు. పదకొండు కాదు. పన్నెండు."

కొరికిన గారె మళ్ళీ ఆకులో పెట్టేశాను.

"ఆ నీలం రిబ్బను కట్టినవి చూశావా? ఆవిడకి రెండూ ఒకలాగే కనపడ్డాయి. కుడివైపుది మీ మేనత్త అత్తారింటి ఊరిది, గింజ నలిపితే నెయ్యి వాసనొస్తుంది. ఎడంవైపుది పాలకొల్లులో గుడికెళ్ళొస్తుంటే కాలవ గట్టు మీద తుంపాను. దానికి వాసన లేదు గానీ వారం రోజులు నీళ్ళలో ఉన్నా చావదు."

నేను నోరు మూయడం మర్చిపోయాను.

మా అత్తారింట్లో వసారా చూరుకి ఎప్పుడూ వరి కుచ్చులు వేలాడుతుంటాయి. పిచ్చుకల కోసం. అత్తయ్య ఏ ఊరు పెళ్ళికెళ్ళినా, పేరంటానికెళ్ళినా, పసుపు కుంకుమల సంచిలో అక్కడి చేలోంచి గుప్పెడు వెన్నులు తెచ్చి కుచ్చు కడుతుంది. "మీ అత్తయ్యకి నాకన్నా పిచ్చుకలెక్కువ," అని మావయ్య ఊరందరికీ చెప్పి నవ్వేవారు. పిచ్చుకలు తినగా మిగిలినవి ఆవిడ దులిపి, పెరట్లో అరటి చెట్ల పక్కన జానెడు మడి కట్టి చల్లేదట. మోకాలి పైన జానెడు దాటి పెరిగితే పీకేసేది. మన చేనుకన్నా ముందు పండినా, వెనకపడినా పీకేసేది. మిగిలినవాటిని పక్కన పెట్టేది. ఇక ఆ ఇంట్లో ఒక ఆచారముంది. విత్తనం గాదెలో పోసేటప్పుడు మొదటి దోసెడు ఇల్లాలే పొయ్యాలి. మావయ్య పక్కన నిలబడి, "ఊఁ, లక్ష్మీదేవీ, కానియ్," అనేవారట.

"ఆ దోసెడే బాబూ," అంది అత్తయ్య. "పేరుకి దోసెడు. ఒక్కో ఏడు చేటెడు. తర్వాత దాన్ని పెంచింది నేను కాదు. ఏ ఏటి కాలానికి ఏది తట్టుకుందో అది పెరిగింది."

"ఎందుకత్తయ్యా?"

"ఇరవయ్యేళ్ళు ఒక్కటే గింజ వేశాం. వరదొస్తే ఆ ఒక్కటీ చచ్చింది. ఇంట్లో పదిమందుంటే జ్వరం పదిమందికీ రాదు కదా? అంతే, ఇంకేం లేదు. ఆయనకి చెప్పబోయాను. 'ఆడాళ్ళకేం తెలుసు విత్తనాల సంగతి' అన్నారు. సరే, తెలీనట్టే ఉన్నాను."

"మరి ఆ మొదటి దుబ్బు? వరదల్లో ఒక్కటే మిగిలిందని ఆయన..."

అత్తయ్య క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి సర్దింది. మూత బిగించింది. అప్పుడు చెప్పింది.

"అది మొగల్తూరులో మా పిన్ని ఇంటి దగ్గర ఉప్పు నేల గింజ. వరదకి ముందు ఊడ్పుల్లో నేనే ఆ మూల నాటాను."

మిత్రులారా, ఒక మనిషి పద్నాలుగేళ్ళ గొప్పతనం మొత్తం ఒక గారె తినే వ్యవధిలో కళ్ళ ముందు కూలిపోవడం నేను చూశాను. అందులో ఏది ఎక్కువ ఘోరమో తేల్చుకోలేకపోయాను. ఆయన వంగడం ఆయనది కాకపోవడమా, అది ఎవరిదో ఆయన మొహాన ఎవరూ చెప్పలేకపోవడమా?

"వీరాస్వామికి తెలుసా?"

"ఊడ్పులప్పుడు చూసి కనిపెట్టాడు. ఎన్నిసార్లు అడిగినా 'నాకేం తెలీదండమ్మా' అంటాడు. ఇవాళ నింద నా మీదకి రాకుండా తన తల ఒడ్డాడు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. అవి తడవలేదు కూడా. "వాడి ఉసురు నాకొద్దు బాబూ. చెప్పేద్దామనే ఉంది. కానీ ఈయన ఒట్టు విన్నావుగా. నలభై ఒక్క ఏళ్ళలో నా చేతిది తప్ప ఇంకో చేతి అన్నం తినలేదు. పెళ్ళిళ్ళకెళ్ళినా పెరుగన్నం మూట కట్టుకెళ్తారు. షుగరు. రెండు పూటలు మానేస్తే పడిపోతారు. పడిపోయినా తినరు."

కారులోంచి హారన్ మోగింది.

మధ్యాహ్నం మావయ్య వాళ్ళింటికొచ్చాం. మావయ్య కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అత్తయ్య విస్తళ్ళు వేసింది. పొగలు కక్కుతున్న అన్నం గరిటెతో తెచ్చి ముందు ఆయనకి వడ్డించింది. మెతుకుల్లోకి చూశాను. కొన్ని పొడుగు, కొన్ని గుండ్రం. అక్కడక్కడ సన్నగా ఎర్ర జీర. పదకొండేళ్ళుగా తింటున్నాను. ఒక్కసారీ చూడలేదు.

మావయ్య పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"అల్లుడూ, ఒక మాట చెప్తాను రాసుకో," అన్నారు. "పాలేర్ని నమ్మాను. మోసం చేశాడు. విత్తనాన్ని నమ్మాను. అదీ మోసం చేసింది. ఈ ఇంట్లో కల్తీ లేనిది ఈ చెయ్యొక్కటే." అని, ఎన్నడూ చెయ్యనిది, నా ముందే, గరిటె పట్టుకున్న అత్తయ్య చేతిని పట్టుకున్నారు. "సంపూర్ణా, ఇంకాస్త పెట్టు."

అత్తయ్య నా వైపు చూసింది. పెట్టింది.

నేను ఇప్పుడు వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను. మావయ్య లోపల పడుకున్నారు. గాదె తాళం ఆయన మొలతాడుకుంది, కాబట్టి ఒక బస్తా పక్కకి తప్పించడం లాంటి సలహాలు దయచేసి ఇవ్వకండి. ట్రాక్టరుకి పంక్చరయిందని చెప్పాను. రేపు రెండో చక్రానికి కూడా అయిందని చెప్తాను. ఎల్లుండి డ్రైవరు అత్తగారికి సుస్తీ. నాకున్న తెలివితేటలతో ఎంత లాగినా శుక్రవారం దాటదు.

వీరాస్వామి ఇంకా ఇల్లు చేరలేదని అతని భార్య ఇందాక గేటు దాకా వచ్చి, గడప తొక్కకుండా బయటే నిలబడి అడిగి వెళ్ళింది.

అయ్యా, అమ్మా, ఈ సీరియల్ మొదలైనప్పట్నుంచీ నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నిజం చెప్తే ఒక మనిషి అన్నం మానేస్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు, ప్రాణం పోయినా మానేస్తాడు. చెప్పకపోతే ఏ పాపం ఎరుగని మనిషి రోడ్డు మీద, ఒక ఆడమనిషి పద్నాలుగేళ్ళ తెలివి మిల్లులో. నేనే కలిపానని చెబుదామంటే, బియ్యం నాటినవాడి మాట ఎవరు నమ్ముతారు? మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి మావయ్యలుంటారు. వాళ్ళకి నిజం ఎలా చెప్పారో, చెప్పాక వాళ్ళు ఎవరి చేతి అన్నం తిన్నారో, ఒక్క కార్డు ముక్క మీద రాసి పంపండి. శుక్రవారం లోపల అందాలి. తులసిని సలహా అడగమని మాత్రం రాయకండి. తనకి చెప్పాననుకోండి, ఇంకేముంది, ఆయనకి చెప్పినట్టే.